అరవై మూడో ఇల్లు

మోత్కూరు చుట్టుపక్కల ముప్పై ఊళ్ళకి ఫోటోలాయన అంటే పర్వతాలు ఒక్కడే. పుట్టింది సాలెల ఇంట్లో. చేతికి మగ్గం మాత్రం అబ్బలేదు. పోగు తెగితే అందరిలా ముడివేసి ముందుకు పోకుండా, తెగిన కొసను వెలుగుకి పట్టి చూస్తూ కూర్చునేవాడు. తండ్రి విసుగెత్తి షోలాపూర్ మిల్లుకి పంపాడు. మిల్లులో ఎనిమిది నెలలు చేసి, పక్క గల్లీలో ఒక మరాఠీ ముసలాయన నడిపే ఫోటో దుకాణంలో పనికి కుదిరాడు. మందునీళ్ళు కలపడం, గాజు పలకలు కడగడం, ముడతలు పడ్డ ముఖాలను ఆ పలక మీదే పెన్సిలుతో నున్నగా దిద్దడం అక్కడే నేర్చాడు. పదకొండేళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు బండి మీద నుంచి ఒక చెక్క కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ, మేడమెట్లూ హంసలూ రాసిన ఒక పెద్ద పరదా దిగాయి.

ఆ పరదా ముందు నిలబడితే ఎవరైనా సరే రొమ్ము విరిచేవారు. జీతగాడు జమీందారు అయ్యేవాడు. కానీ మంచం పట్టిన ముసలివాళ్ళూ బాలింతలూ దుకాణం దాకా రాలేరు గదా. వాళ్ళ కోసం పర్వతాలు ఇళ్ళకి పోవలసి వచ్చేది. అక్కడే అతనికి ఒక చిక్కు ఎదురైంది. తన పొయ్యి పక్కన, తన గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి, పరాయి ఇంటి గడపలో నిలబడి లోపలికి రమ్మంటారో లేదో అని చూస్తున్నట్టు ఉండేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కళ్ళు తలుపు వైపు పోయేవి.

ఈ మాట భార్య లీలమ్మతో అన్నాడు ఒకసారి.

"నువ్వు నల్లగుడ్డ కప్పుకొని ఇంట్ల జొరవడితివి. గాళ్ళు నిన్ను జూసి బెదరక ఏంజేస్తరు?" అంది ఆమె.

అదొక్కటే కాదని పర్వతాలుకి తెలుసు. ఆ రోజుల్లో ఎవరి తలుపు ఎవరు తడతారో చెప్పలేని కాలం. దొర మనిషి వెట్టికి పిలవడానికి తట్టేవాడు. రజాకార్లు తట్టకుండానే తన్నేవారు. దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు బువ్వ కోసం మెల్లగా తట్టేవారు. ఆ తర్వాత పోలీసు యాక్షన్ అయి, ఆ బువ్వ ఎవరు పెట్టారో అడగడానికి మిలిటరీ వాళ్ళు తట్టారు. ఇల్లు పేరుకే తమది.

పర్వతాలు మాత్రం ఎవరొచ్చినా ఫోటో తీశాడు. రజాకార్లు తుపాకులు పట్టుకుని హంసల ముందు నిలబడితే "కదలకుండ్రి" అని నాలుగు అంకెలు లెక్కపెట్టాడు. ఆ ఏడాది మోత్కూరులో వాళ్ళు చప్పుడు చెయ్యకుండా ఉన్నది ఆ నాలుగు అంకెల సేపే. యాక్షన్ అయిన నెలకి జవాన్లు వచ్చి అదే హంసల ముందు నిలబడ్డారు. వాళ్ళకీ నాలుగు అంకెలే. ఫోటోలాయన జోలికి ఎవరూ రాలేదు. ఎవరి ఫోటో వాళ్ళకి ముద్దు కదా.

నలభై తొమ్మిది మాఘమాసంలో తుమ్మలబావి క్యాంపు నుంచి కబురు వచ్చింది. తుమ్మలబావి మోత్కూరుకి రెండు కోసుల దూరం. ఆ ఊరి దొర పట్నం పారిపోతే, ఖాళీ పడ్డ అతని కోటలాంటి గడీలో స్పెషల్ పోలీసులు దిగారు. క్యాంపు అధికారి పేరు శేషాచలం. సముద్రం పక్క జిల్లా మనిషి. సన్నగా, ఎప్పుడూ టోపీ తియ్యకుండా, బల్ల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని కూర్చునేవాడు. అందులో పేజీకొక మనిషి తల. బుగ్గలకీ కనుబొమలకీ బాణం గుర్తులు.

"ఏవయ్యా, మనిషి నాలుకతో అబద్ధం ఆడతాడు. బుగ్గతో ఆడలేడు. తెలుసునా నీకు?"

"తెల్వది సార్."

"ఠాణాకి పిలిస్తే ప్రతివాడూ భయపడతాడు. అందులో విశేషం లేదు. సొంత ఇంట్లో, పొయ్యి పక్కన కూర్చుని కూడా భయపడుతున్నాడూ అంటే ఏవిటర్థం? ఆ ఇంట్లో ఎవణ్ణో దాచాడని. అంతేనా, కాదా?"

శేషాచలం వెనక ఇద్దరు జవాన్లు తుపాకులతో నిలబడి ఉన్నారు. "అంతే సార్" అన్నాడు పర్వతాలు.

పని ఏమిటంటే, ఊళ్ళో అరవై రెండు ఇళ్ళు ఉన్నాయి. ప్రతి ఇంటి లోపలా ఆ ఇంటివాళ్ళను ఫోటో తియ్యాలి. ఒక్కో ఫోటోకి ఒక్కో కాగితం. అందులో ఇంటి నంబరు, యజమాని పేరు, మనుషులు ఎందరు, చివర "భయం" అని ఒక గడి. స్వల్పం, మధ్యస్థం, అధికం. భూతద్దంతో చూసి అది తానే నింపుతానన్నాడు శేషాచలం. అధికం వచ్చిన ఇంటిని తవ్విస్తాడు.

పర్వతాలు కొంచెం నీళ్ళు నమిలి అడిగాడు. "సార్, నేను ఇండ్లల్లకు పోతాంటె జవాన్లు సుత వస్తరా?"

"రాకపోతే వాళ్ళు తలుపు తీస్తారా?"

"ఎదురుంగ తుపాకులుంటె మరి మొకం..."

"తుపాకులు ఫోటోలో పడకుండా చూసుకో" అన్నాడు శేషాచలం.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. కెమెరా మోసే ఇద్దరు, రాసుకోవడానికి క్యాంపు రైటరు, వెనక నలుగురు జవాన్లు. ఇళ్ళలో వెలుతురు తక్కువ. పరదా ముందు నాలుగు అంకెలతో తెమిలే పనికి ఇక్కడ ఇరవై అంకెలు కావాలి. ఇరవై అంకెల సేపు, తుపాకీ ఎదురుగా, కదలకుండా, సహజంగా కూర్చోవాలి. సహజంగా అని శేషాచలం గట్టిగా చెప్పి పంపాడు. మొదటి ఇంట్లో యజమాని రొట్టెముక్క నోట్లో పెట్టుకుని సహజంగా కూర్చున్నాడు. పన్నెండో అంకె దగ్గర అది గొంతుకడ్డం పడింది. రెండో ఇంట్లో ఆడమనిషి విసుర్రాయి తిప్పుతున్నట్టు కూర్చుంది కానీ రాయి తిరగదు గదా, కదలకూడదాయె. ఆమె చెయ్యి వణికి రాయి గరగరా మోగుతూనే ఉంది.

తొమ్మిదో ఇల్లు సావిత్రమ్మ అవ్వది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఇంట్లో ఉన్నది ఆమే, ఒక బర్రె. రైటరు ఇంటి లోపల ఎన్ని ప్రాణులుంటే అన్నీ రావాలన్నాడు. "దానికి భయం అనేదే తెల్వది బిడ్డా, దాన్ని జూసి రాస్కో" అంది అవ్వ. రైటరు మనుషులు అన్న గడిలో రెండు అని రాసుకున్నాడు.

ముప్పై నాలుగో ఇల్లు పర్వతాలు సొంత అక్కది. అక్క పేరు ఆండాళు. బావ ఐలేశం పేరున్న నేతగాడు. వీళ్ళు పోయేసరికి ఆండాళు బావి దగ్గరి నుంచి నీళ్ళబిందెతో అప్పుడే గడపలో అడుగు పెడుతోంది. ఐలేశం గుంటమగ్గం మీద, కాళ్ళు గుంటలోకి దించి కూర్చుని ఉన్నాడు. పోగు మోసే నాడె ఆడటం లేదు.

"ఏం తమ్మీ, ఇంతమందిని తోలుకొస్తివి. చాయ్ పెట్టనా?" అంది ఆండాళు జవాన్లను చూస్తూ, చుట్టాలొచ్చినట్టు.

"ఏం వద్దక్కా. బావ పక్కకు పోయి కూసో. కదలకు."

"నేనెందుకు కదుల్త? నీ బావకు జెప్పు. పొద్దుగాల నుంచి కోడిలెక్క దుంకుతాండు."

పర్వతాలు నల్లగుడ్డలో దూరాడు. లోపల అద్దం మీద అక్క, బావ, మగ్గం తలకిందులుగా కనబడ్డాయి. అక్క ముఖం హాయిగా ఉంది. బావ నుదుటి మీద చెమట మెరుస్తోంది. "ఎవ్వలు కదలకుండ్రి" అని గట్టిగా అని, లెన్సు మూత తీసి ఇరవై లెక్కపెట్టాడు.

మూడు రోజులకి అరవై రెండు పలకలు అయ్యాయి. వాటిని మోత్కూరు తెచ్చి, వెనక అర్రకి కిటికీ మూసి, ఎర్రగాజు దీపం పెట్టి కడగడం మొదలుపెట్టారు. పర్వతాలు మందునీళ్ళలో ఊపేవాడు, లీలమ్మ మంచినీళ్ళలో కడిగి గోడవారన నిలబెట్టేది. ఒక్కొక్కటే తేలుతున్నాయి. ఏ పలకలో చూసినా మనుషులు అలికేసినట్టు ఉన్నారు. ఒకడికి రెండు ముక్కులు. ఒకామెకి చేతివేళ్ళు పది దాటి ఉన్నాయి. ముఖాలు చెదిరిపోయినా కళ్ళలో బెదురు మాత్రం చెదరలేదు. బర్రె ఒక్కటే చెక్కినట్టు వచ్చింది.

ముప్పై నాలుగో పలక తేలుతుంటే లీలమ్మ వంగి చూసింది.

"వదినె మంచిగొచ్చింది. అన్న చెదిరిండు. మగ్గం కింద గీనెవరు?"

పర్వతాలు చేతిలో పలక ఆగిపోయింది. సాగదీసిన పడుగు కింద, గుంట అవతలి మూలన, రెండు కళ్ళు, ఒక ముక్కు, గడ్డం. నీళ్ళు కారుతున్న పలకని దీపం దగ్గరికి తెచ్చి చూశాడు. కల్లు గీసే కాటమయ్య. సంగంలో ఉత్తరాలు మోసేవాడు. అతని తల కోసమే ఈ క్యాంపు పడింది. అరవై రెండు ఇళ్ళలో, అన్ని ప్రాణాల్లో, బర్రె తర్వాత రెప్ప కూడా కదపని మనిషి అతనొక్కడే. మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టేట్టు వచ్చాయి.

లీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వదినెకెంత గుండె ధైర్యమో! కింద మనిషిని బెట్టుకొని మొకంల మచ్చుకు గూడ లేదు."

పర్వతాలు పలక ఆరేదాకా ఆగి, సన్నని చాకుతో ఆ కళ్ళ మీద పూతని గీకాడు. గాజు పలక మీద తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. పూత గీకిన చోట కాగితం మీద చీకటి పడుతుంది. ముందు కళ్ళు పోయాయి, తర్వాత ముక్కు. మీసం దగ్గర చేతికి కొంచెం కష్టమనిపించింది. అంత బాగా వచ్చిన మీసం అతను ఎప్పుడూ తియ్యలేదు. అదీ గీకేశాడు. మగ్గం కింద మామూలు చీకటి మిగిలింది.

"ఇగ అయిపోయినట్టేనా?" అంది లీలమ్మ.

"ఏమైపోతది? అక్క ఇల్లొక్కటే సల్లగుంది. తక్కిన అరవై ఒక్కటి జూడు. రేపు ఈ మొకాలు జూసి ఊరంత తవ్విస్తడు."

లీలమ్మ తడి చేతులు తుడుచుకుని పలకల వరస కేసి చూసింది. "పెండ్లి పిల్లలకు సాపు చేస్తవు గద. వీళ్ళకు చెయ్యరాదా?"

ఆ మాటతో పర్వతాలు పెన్సిళ్ళు చెక్కుకుని కూర్చున్నాడు. ఐదు రోజులు పట్టింది. ఎక్కువైన ముక్కులూ వేళ్ళూ చాకుతో గీకేశాడు. నుదుటి మీద గీతలు పూడ్చాడు. కళ్ళ కింద నీడలు తీసేశాడు. బిగిసిన పెదాల కొసలకి వెలుగు పెట్టాడు. ఒక్కో మనిషిని చూస్తూ, వీడు దేనికి భయపడ్డాడో ఊహించుకుంటూ, ఆ భయాన్ని పెన్సిలు మొనతో గుచ్చి గుచ్చి తీసేశాడు. ఎండలో కాగితాలు అచ్చు వేస్తే, తుమ్మలబావి తుమ్మలబావే కొత్త పెళ్ళికొడుకులతో, పెళ్ళికూతుళ్ళతో నిండిపోయింది. ముసలివాళ్ళు సైతం ఇప్పుడే పాయసం తాగి లేచినట్టున్నారు.

శేషాచలం భూతద్దంతో రెండు రోజులు చూశాడు. మూడో రోజు పర్వతాలుని పిలిపించాడు.

"ఇదేవిటయ్యా?"

"ఫోటోలు సార్."

"ఒక్కడి మొహంలో కూడా భయం లేదేం?"

"అయితె మంచిదే గద సార్."

"మంచిదా!" శేషాచలం లేచి నిలబడ్డాడు. "క్యాంపు పెట్టి నాలుగు నెలలైంది. ఊరు ఊరంతా ఇంత ధీమాగా ఉందంటే ఏవిటర్థం? ప్రభుత్వం అంటే లెక్క లేదన్నమాట. అరవై రెండు ఇళ్ళూ వాళ్ళవే!"

పర్వతాలు చేతులు కట్టుకుని, నేల చూస్తూ, జర మెల్లగా అడిగాడు. "సార్, తెల్వక అడుగుతున్న. ఎంత భయముంటె మంచోడని లెక్క?"

శేషాచలం ఆలోచించాడు. ఆ సంగతి పుస్తకంలో లేదు. చాలాసేపు పేజీలు తిప్పి, "మధ్యస్థం" అన్నాడు. "ప్రభుత్వం పట్ల ఉండవలసినంత, దాచడానికి ఏమీ లేనంత. మళ్ళీ తియ్యి. అన్ని ఇళ్ళూ. పది రోజుల్లో పై ఆఫీసుకి కట్ట పంపాలి."

ఈ కబురు పర్వతాలు ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఆండాళుకి చెప్పాడు, అంతే చాలు. మర్నాటికి ఊరంతా మధ్యస్థం సాధన మొదలుపెట్టింది. మొగుడు పెళ్ళాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "గిదెక్కువైంది, జర తగ్గియ్యి" అనేవాడు. నీళ్ళ కాడ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసి తీర్పు చెప్పుకునేవారు. సావిత్రమ్మ అవ్వకి మాత్రం కొలత అందలేదు. పర్వతాలు రెండోసారి కెమెరా పెట్టినప్పుడు చెయ్యి పట్టుకుని అడిగింది.

"మధ్యస్థం అంటె ఎంత బిడ్డా? పెనం మీద రొట్టె మాడినంతనా, దొర పిలిచినంతనా?"

"రొట్టె మాడినంత సాలవ్వా."

అవ్వ కళ్ళు మూసుకుని మాడిన రొట్టెని తలుచుకుంది. సరిగ్గా వచ్చింది. ఈసారి పెన్సిలు పట్టవలసిన పని చాలా ఇళ్ళకి పడలేదు. వారం నుంచీ భయాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకోవడంతో అది వాళ్ళకి అలవాటైన పనిముట్టులా చేతికి వచ్చేసింది. మగ్గం కింద ఎవరూ లేరు. కాటమయ్య మొదటి రోజే వెనక గోడ దూకి పోయాడు. ఆండాళు ముఖం మాత్రం రెండోసారి కూడా స్వల్పమే. "నాకు రాదు తమ్మీ, ఏం జెయ్యమంటవు" అంది. ఆమెకి పర్వతాలే రెండు గీతలు తగిలించాడు.

ఆఖరి ఇల్లు అయ్యాక శేషాచలం పర్వతాలుని గడీలో తన గదికి తీసుకెళ్ళాడు. తలుపు వేశాడు.

"నాది ఒకటి తియ్యి. ఇంటికి పంపాలి. నా భార్య రోజూ ఉత్తరాలు రాస్తోంది, ఎలా ఉన్నారూ, ఎలా ఉన్నారూ అని. ఫోటో చూస్తే ఊరుకుంటుంది."

టోపీ తీశాడు. బట్టతల. యూనిఫారం విప్పి, పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వెనక గోడకి దీపం పెట్టుకునే గూడు, దాని చుట్టూ సున్నంతో చేసిన చిలకలు. ఆ గదిలోనూ వెలుతురు తక్కువే. ఇరవై అంకెలు.

పర్వతాలు నల్లగుడ్డలో దూరి చూశాడు. తలకిందులుగా కూర్చుని ఉన్న ఆ మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఒకసారి మోకాళ్ళ మీద, ఒకసారి ఒళ్ళో. కళ్ళు తలుపు మీద ఉన్నాయి. బయట ఎవరో నడిచిన చప్పుడైతే గొంతు కదిలింది. రెండుసార్లు తిరిగిన అరవై రెండు ఇళ్ళలోనూ పర్వతాలు ఇంత బెదురు చూడలేదు.

"కదలకుండ్రి సార్" అన్నాడు. తుమ్మలబావి అంతటికీ చెప్పిన గొంతుతోనే.

ఆ పలకని కడిగాక లీలమ్మ ఎత్తి చూసి, "అయ్యో, ఎవరీయన, ఏం కష్టమొచ్చింది?" అంది. చెప్పాక నమ్మలేదు. "మరి సాపు చెయ్యవా?"

పర్వతాలు పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టేశాడు. "ఆయన మొకంల భయం తీసుడు నాతోని కాదు. ఎంత గుచ్చినా మొకమే పోతది."

అచ్చు వేసి, విడిగా ఒక లిఫాఫాలో పెట్టి, "ఇది సార్ ది" అని చెప్పి కట్టతో పాటు రైటరుకి ఇచ్చాడు. రైటరు అప్పుడే కళ్ళద్దాలు తుడుచుకుంటూ తల ఊపాడు. శేషాచలం ఊళ్ళు తిరగడానికి పోయి ఉన్నాడు. సార్ ది అంటే సార్ కి ఇవ్వాల్సినదని రైటరు అర్థం చేసుకున్నాడు. అన్నీ సార్ కి ఇవ్వాల్సినవే. లిఫాఫా విప్పి చూస్తే ఎవరో బట్టతలాయన, పంచెలో, గజగజలాడుతూ. క్యాంపులో ఆయన చూసిన ముఖం కాదు. ఇంటి నంబరు లేదు. కాగితాలు అరవై రెండు, ఫోటోలు అరవై మూడు. లెక్క కుదరడానికి ఇంకో కాగితం తీసి, అంటించి, ఇంటి నంబరు అరవై మూడు, యజమాని పేరు తెలియదు, మనుషులు ఒకరు అని రాశాడు. శేషాచలం తిరిగొచ్చి, అలసటలో, పైనున్న పదిహేను చూసి అన్నిటికీ కలిపి మధ్యస్థం అని సంతకం చేశాడు.

పై ఆఫీసులో ఎవరో పెద్దమనిషి కట్టంతా చూశాడు. మూడు వారాలకి ఉత్తర్వు వచ్చింది. "అరవై రెండు ఇళ్ళ విషయం సంతృప్తికరం. అరవై మూడో ఇంటిలో భయం అధికం కాగా మధ్యస్థమని తప్పుగా నమోదైనది. సదరు యజమానిని నిర్బంధించి, ఇల్లు సోదా చేసి, నివేదిక పంపవలెను." కింద ఫోటో. నుదుటి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా.

శేషాచలం ఆ రోజు అన్నం తినలేదని వంటవాడు చెప్పాడు. ఇది నేనే అని రాస్తే, మనిషి ముఖం చూసి దోషిని పట్టే పద్ధతే తప్పని ఒప్పుకున్నట్టు. రాయకపోతే తనని తాను పట్టుకోవాలి. చివరికి "గ్రామంలో అరవై మూడో ఇల్లు లేదు" అని జవాబు రాశాడు. వారానికి తిరుగు టపా వచ్చింది. "ఫోటో ఉన్నది గనక ఇల్లు ఉండి తీరవలెను."

ఆ వెనకే పై ఆఫీసు నుంచి ఒక జట్టు దిగింది. కొత్తవాళ్ళు. శేషాచలాన్ని టోపీతో తప్ప చూసినవాళ్ళు కారు. ఫోటో పట్టుకుని ఇంటింటికీ తిరిగారు, వీడెవడు అంటూ. ఊళ్ళో ప్రతివాళ్ళూ చూడగానే గుర్తుపట్టారు. ప్రతివాళ్ళూ మధ్యస్థంగా భయపడి, తెల్వదన్నారు. సావిత్రమ్మ అవ్వ ఫోటోని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మా ఊరోడు కాదు బిడ్డా. ఎవరు కన్న బిడ్డనో పాపం, శాన భయపడ్డడు. ఏమనకుండ్రి."

మూడో రోజు జట్టులో ఒకాయన గడీలో మంచినీళ్ళు తాగుతూ, తెరిచి ఉన్న గది తలుపులోంచి గోడ మీది చిలకల గూడు చూశాడు. జేబులోంచి ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు. ఇల్లు దొరికింది. ఉత్తర్వు ప్రకారం సోదా చేశారు. శేషాచలం తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. మంచం కింద ట్రంకుపెట్టెలో నలభై ఏడు ఉత్తరాలు దొరికాయి. అన్నీ భార్యకి రాసినవి, ఒక్కటీ టపాలో వెయ్యనివి. మొదటిది జట్టు పెద్ద పైకే చదివాడు. "నాకు ఇక్కడ చాలా భయంగా ఉన్నది. ఈ ఇంట్లో గోడలు మందంగా ఉన్నవి గాని నిద్ర పట్టడం లేదు. నన్ను వెనక్కి పిలిపించమని మీ నాన్నగారితో..." అంతవరకు చదివి ఆపేశాడు. మిగతావి కట్టి పెట్టెలో పెట్టేశారు. నివేదికలో "ఆయుధములు లేవు" అని రాశారు.

నెల తిరక్కుండా శేషాచలానికి సొంత జిల్లాకి బదిలీ అయింది. పోయే దారిలో మోత్కూరులో జీపు ఆపి పర్వతాలు దుకాణంలోకి వచ్చాడు. టోపీ చంకలో ఉంది. లీలమ్మ స్టూలు వేసింది. అతను కూర్చోలేదు.

"నువ్వు అద్దంలో చూసినప్పుడే నీకు కనపడిందా?"

"కనవడ్డది సార్."

"చెప్పలేదేం?"

"సదివేది మీరు గద సార్. నేను తీసేటోన్నే."

శేషాచలం టోపీని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. బయట డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "ఊరివాళ్ళ మొహాలు నువ్వు దిద్దావుట గదా. రైటరు చెప్పాడు. నాది దిద్దగలవా? ఆవిడకి చూపించాలి. ఇంటికి వెళ్ళాక మొహం ఎలాగూ చూస్తుందనుకో. ముందు ఇది చూపిస్తాను."

పర్వతాలు అతన్ని వెలుగులోకి రమ్మని ఒకసారి నిలబెట్టి చూశాడు. పలక తెచ్చుకుని పెన్సిలు పట్టాడు. జీపు రెండు గంటలు ఆగింది. ఈసారి చెయ్యి సాగింది. నుదురు అలాగే వదిలేశాడు. కళ్ళు మాత్రం తలుపు మీది నుంచి మళ్ళించి, ఎవరినో చూస్తున్నట్టు చేశాడు. శేషాచలం ఆ కాగితం అందుకుని, ఆరకముందే రుమాలులో చుట్టుకుని జీపెక్కాడు.

యాభై ఒకటిలో పోరాటం ఆగిందన్నారు. కాటమయ్య ఊళ్ళోకి వచ్చాడు. ఆ దీపావళికి పర్వతాలూ లీలమ్మా తుమ్మలబావి పోతే, అతను ఐలేశం ఇంటి అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. బువ్వలు తింటూ పర్వతాలు అక్క ధైర్యం గురించి ఎత్తాడు. మగ్గం కింద మనిషిని పెట్టుకుని ఎంత నిమ్మళంగా కూర్చున్నదో, తాను పలక గీకింది, అంతా చెప్పాడు.

ఆండాళు చేతిలో గంటె అలాగే ఆగిపోయింది. "ఏ మనిషి? ఏ మగ్గం కింద?"

ఐలేశం పళ్ళెంలోకి చూస్తూ, "నువ్వు నీళ్ళకు పోయినవు గదా, గప్పుడొచ్చిండు. మళ్ళ చెప్దామనుకున్న..." అన్నాడు.

"రెండేండ్లాయె!"

"నేనైతె ఏం కదల్లేదక్కా" అన్నాడు కాటమయ్య అరుగు మీది నుంచి, తన వంతు తప్పులేదన్నట్టు. "ఎవ్వలు కదలకుండ్రి అనె గద ఫోటోలాయన. ఎవ్వలు అంటె నేను సుత అనుకున్న. ఇరవై అయ్యేదాక రెప్ప గూడ ఎయ్యలే."

ఆండాళు ఐలేశంతో నెల రోజులు మాట్లాడలేదు. చచ్చిపోతామని భయపడే హక్కు తనకీ ఉండె గదా, అది కూడా ఇయ్యకపాయె అని లీలమ్మ దగ్గర ఏడ్చింది. పర్వతాలు రెండుసార్లు మోత్కూరు నుంచి రాజీకి వచ్చి తిట్లు తిని పోయాడు. ఆఖరికి కాటమయ్య తాటిచెట్టు దిగి, నురగ పొంగుతున్న కల్లులొట్టితో గడప ముందు నిలబడి, తప్పయిందక్కా అన్నాడు. ఆండాళు లొట్టి అందుకుని లోపల పెట్టింది. తప్పు సంగతి రేపు మాట్లాడతానంది.